షోరూం సర్వీసా, సొంత చేతులా? తిరుపతిలో నా కారు లెక్క

మీది చిత్తూరు, కారుకు నాలుగేళ్లు నిండాయి, ఏడాదికి ఎనిమిది వేల కిలోమీటర్లు కూడా తిరగదు. అయినా షోరూం వాళ్లు సర్వీసుకు తొమ్మిది వేల దాకా చెబుతున్నారు. అదే పని వీడియోలు చూసి ఇంటి దగ్గర చేసుకుంటే ఎంత మిగులుతుంది, వారంటీ పోతుందా అని అడిగారు.

నాది 2018లో కొన్న చిన్న పెట్రోలు కారు. ఉండేది తిరుపతి ఎమ్మార్ పల్లిలో. మొదటి ఐదేళ్లు షోరూంలోనే చేయించాను, తర్వాత రెండుసార్లు నేనే చేసుకున్నాను, ఇప్పుడు బయట మెకానిక్ దగ్గర చేయిస్తున్నాను. ముందే ఒక మాట చెప్పేస్తాను. నాకు డబ్బు మిగిలింది ఆయిల్ నా చేత్తో మార్చుకున్నందుకు కాదు, ఎస్టిమేట్ కాగితం చదవడం నేర్చుకున్నందుకు.

నాలుగో ఏడాది సర్వీసుకు వెళ్లినప్పుడు అడ్వైజర్ కుర్రాడు ట్యాబ్ పట్టుకుని కారు చుట్టూ ఒక ప్రదక్షిణ చేశాడు. "ఏసీలో వాసనేమైనా వస్తోందా సార్?" అన్నాడు. రావట్లేదన్నాను. "అయినా క్లీన్ చేయించేస్తే మంచిది సార్" అంటూ ట్యాబ్ మీద ఒక వేలు నొక్కాడు. ఆ ఒక్క నొక్కుడు విలువ 1,100 రూపాయలని ఇంటికొచ్చాక తెలిసింది. ఆ రోజు ఎస్టిమేట్ పన్నులతో కలిపి 8,490. ఆ కాగితం ఇప్పటికీ నా దగ్గరుంది. లేబరు 1,900, ఇంజిన్ ఆయిల్ 1,650, ఆయిల్ ఫిల్టరు 130, డ్రెయిన్ బోల్టు వాషరు 20, ఎయిర్ ఫిల్టరు 340, ఏసీ ఫిల్టరు 420, బ్రేకులు విప్పి శుభ్రం చేయడానికి 700, అలైన్‌మెంటు, బ్యాలెన్సింగు కలిపి 850, ఏసీ క్లీనింగ్ 1,100, థ్రాటిల్ బాడీ (ఇంజిన్‌లోకి గాలిని వదిలే భాగం) క్లీనింగ్ 750, ఇంజిన్ ఫ్లష్ (ఇంజిన్ లోపల మందు పోసి కడగడం) 450, ఇవి కాక 'కన్స్యూమబుల్స్' అని ఇంకో 180. ఆ 180 దేనికని అడిగితే గుడ్డలు, గ్రీజు, స్ప్రే అన్నారు.

ఆ రోజు ఇంకేమీ మాట్లాడకుండా కట్టేసి వచ్చాను. నా ఏడుపంతా ఆ రాత్రి గ్లవ్ బాక్సులో ఉన్న ఓనర్స్ మాన్యువల్ తీసి చూశాకే మొదలైంది. దాని చివర్లో ఒక పట్టిక ఉంటుంది. పైన కిలోమీటర్లు, నెలలు. పక్కన ఒక్కో భాగం పేరు. గళ్లలో ఐ అనో ఆర్ అనో అక్షరం. ఐ అంటే ఇన్‌స్పెక్ట్, అంటే చూసి వదిలేయడం. ఆర్ అంటే రీప్లేస్, మార్చేయడం. నా సర్వీసుకు ఆర్ ఉన్నవి ఆయిల్, ఆయిల్ ఫిల్టరు, వాషరు, అంతే. ఇంజిన్ ఫ్లష్, థ్రాటిల్ క్లీనింగ్, ఏసీ క్లీనింగ్ అన్న పేర్లే ఆ పట్టికలో లేవు. ఆ అడ్వైజర్‌ను తిట్టడం నా ఉద్దేశం కాదు. అతనికీ టార్గెట్లుంటాయి, ఇంట్లో ఈఎంఐలుంటాయి. మనం అడగకపోతే అతనెందుకు ఆపుతాడు?

తర్వాతి ఏడాది మాన్యువల్ చేత్తో పట్టుకుని వెళ్లాను. ఏసీ క్లీనింగ్, థ్రాటిల్, ఫ్లష్ మూడూ కొట్టేయించాను. టైర్లు ఒక వైపు అరగట్లేదు, స్టీరింగ్ లాగట్లేదు కాబట్టి అలైన్‌మెంటూ వద్దన్నాను. రెండు ఫిల్టర్లు నేనే వేసుకుంటానన్నాను. బిల్లు 4,580కి దిగింది. ఫిల్టర్లు విడిభాగాల షాపులో 480 పడ్డాయి. అంటే చేతికి మసి అంటకుండానే మూడు వేల నాలుగు వందల పైన మిగిలింది. పని చేసింది అదే షోరూం, అదే కుర్రాడు.

ఎయిర్ ఫిల్టరు, ఏసీ ఫిల్టరు మాత్రం ఎవరైనా ఇంట్లో మార్చుకోవచ్చు. మొదటిదానికి నాలుగు క్లిప్పులు తీస్తే చాలు. రెండోది చాలా కార్లలో గ్లవ్ బాక్సు వెనకుంటుంది. సామాన్లన్నీ తీసేసి, బాక్సు రెండు పక్కలా లోపలికి నొక్కితే అది కిందకి వేలాడుతుంది, వెనక సన్నటి ప్లాస్టిక్ మూత కనిపిస్తుంది. మేము కారు వేపచెట్టు కింద పెడతాం. నేను మొదటిసారి ఆ ఫిల్టరు బయటికి లాగినప్పుడు మడతల నిండా ఎండిన వేపాకు ఈనెలు, నల్లటి దుమ్ము, ఒక మూల ఎలుక కొరికిన గుర్తు. ఇన్నాళ్లూ నా పిల్లలు పీల్చింది దీని మీదుగా వచ్చిన గాలా అనిపించింది. అంతకు ముందటి బిల్లులో ఏసీ ఫిల్టరు మార్చినట్టు 420 వేసి ఉంది! ఏడాదిలోనే అంత చెత్త చేరిందో, అసలు మార్చనే లేదో దేవుడికే తెలియాలి. అందుకే ఇప్పుడు ఏది మార్చినా పాత పార్టు డిక్కీలో పెట్టమంటాను. మీరూ అడగండి, కాదనరు. కొత్త ఫిల్టరు పెట్టేటప్పుడు దాని మీదున్న బాణం గుర్తు గాలి వెళ్లే వైపు ఉండేలా చూసుకోండి. ఇంతకంటే అందులో విద్యేమీ లేదు.

ఇక ఆయిల్ సంగతి. అదీ నేనే చేస్తానని ఒక ఆదివారం పూనుకున్నాను. మూడున్నర లీటర్ల డబ్బా 1,350, ఫిల్టరు 110, వాషరు 15. ఇక్కడి దాకా లెక్క బాగుంది. తర్వాత జాకీతో ఎత్తిన కారును ఆనించి నిలబెట్టే జాక్ స్టాండ్లు జత 1,800, ఫిల్టరు విప్పే రెంచి 350, కింద పట్టడానికి ట్రే, ఒక గరాటు. ఆయిల్ కొనే షాపులో ఆయన "మన తిరుపతి ఎండలకి చిక్కటిదే పోయాల సార్" అని ట్వంటీ డబ్ల్యూ ఫార్టీ డబ్బా చేతిలో పెట్టబోయాడు. వినొద్దు. ఇప్పటి పెట్రోలు ఇంజిన్లు పల్చటి ఆయిల్‌కే తయారు చేసినవి. మాన్యువల్లో ఏ గ్రేడు రాసుంటే అదే కొనండి.

మొదటిసారి అంతా సవ్యంగానే జరిగిందనుకున్నాను. మరునాడు పొద్దున అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ తలుపు కొట్టాడు. "మీ కారు కింద నల్లంగా మడుగు కట్టుండాది సార్." ఆయిల్ ఎంతుందో చూసే పుల్ల, డిప్‌స్టిక్, తీసి చూస్తే ఆయిల్ కింది గీతను కూడా అందుకోవట్లేదు. కరకంబాడి రోడ్డులో తెలిసిన మెకానిక్‌ను పిలిపించాను. ఆయన కింద దూరి, ఫిల్టరు విప్పి, వేలితో ఏదో పీకి నా చేతిలో పెట్టాడు. గాజులా గుండ్రంగా ఉన్న నల్ల రబ్బరు రింగు. "పాత ఫిల్టరు రింగు ఇంజిన్‌కే అతుక్కోనుంటే దాని మీదనే కొత్తది బిగించినారు సార్. రింగు మీద రింగైతే నిలబడతాదా? ఏంటికి సార్ మీకీ పని?" అన్నాడు. నడిరోడ్డు మీద ఆ రింగు జారి ఉంటే మొత్తం ఆయిల్ పోయి ఇంజిన్ పట్టేసేది. మూడు వేలు మిగుల్చుకోబోయి ఇంజిన్‌కే ఎసరు పెట్టుకునేవాణ్ని.

పౌరుషం కొద్దీ రెండోసారి కూడా నేనే చేశాను. ఈసారి పాత ఫిల్టరు తీయగానే రింగు దానితోనే వచ్చిందో లేదో చూశాను, కొత్త ఫిల్టరు రింగుకు ఒక చుక్క ఆయిల్ రాశాను, రెంచితో కాకుండా చేత్తోనే బిగించాను, ఇంజిన్ రెండు నిమిషాలు నడిపి కింద టార్చి వేసి చూశాను. చుక్క కారలేదు. కానీ అప్పుడే అసలు లెక్క తట్టింది. నా సామాను నేను తీసుకెళ్తే అదే మెకానిక్ ఆయిల్, ఫిల్టరు మార్చడానికి 600 తీసుకుంటాడు. ఇంకో 400 ఇస్తే నాలుగు చక్రాలు విప్పి బ్రేకులు శుభ్రం చేస్తాడు. అంటే నా ఆదివారం పూట, వీపు నొప్పి, వాచ్‌మన్ మాటలు అన్నీ కలిపి 600 రూపాయల కోసం. షోరూమా, మనమా అని అడిగేటప్పుడు మధ్యలో ఈ మెకానిక్‌ను మనం మర్చిపోతుంటాం. ఆయన దగ్గర మొత్తం సర్వీసు, సామానుతో కలిపి, నాకు మూడు వేలలోపే అయిపోతోంది.

బ్రేకుల జోలికి మాత్రం వీడియోలు చూసి పోకండి. మన దగ్గర ఇది మరీ ముఖ్యం. మైదానంలో తిరిగే కారు వేరు, నెలకోసారి కొండెక్కి దిగే కారు వేరు. తిరుమల నుంచి దిగేటప్పుడు 40 నిమిషాల కంటే ముందు కిందకి రాకూడదన్న నిబంధన ఎందుకుందో, ముందు వెళ్లే కారు చక్రాల నుంచి కాలిన వాసన వచ్చినప్పుడు అర్థమవుతుంది. సెకండ్ గేరులో దించకుండా మొత్తం బ్రేకు మీదే ఆధారపడితే ప్యాడ్లతో పాటు బ్రేక్ ఆయిల్ కూడా వేడెక్కుతుంది. ఆ ఆయిల్ గాల్లో తేమను పీల్చుకునే రకం. డాట్ 3 రకం కొత్తగా ఉన్నప్పుడు కనీసం 205 డిగ్రీల దాకా మరగకుండా ఉండాలి. నీరు చేరిన తర్వాత ఆ ప్రమాణం 140 డిగ్రీలే. మరిగితే అందులో బుడగలు పుడతాయి, పెడల్ మెత్తగా లోపలికి పోతుంది, బండి ఆగదు. అందుకే దాన్ని మామూలుగా రెండేళ్లకోసారి మార్చమంటారు. చిత్రమేమిటంటే, మూడు రకాల క్లీనింగులు రాసిన నా ఎస్టిమేట్‌లో నిజంగా గడువు దాటిన ఈ బ్రేక్ ఆయిల్ ఊసే లేదు. మాన్యువల్ చూశాకే నేనే అడిగి మార్పించాను. మీరు కాణిపాకంలో పూజ చేయించి నిమ్మకాయలు తొక్కించి ఉంటారు, మంచిదే, బ్రేక్ ఆయిల్ ఎప్పుడు మార్చారో కూడా ఒకసారి చూడండి.

బ్యాటరీ సొంతంగా మార్చుకోవచ్చు. మా ఊరి పక్కన కరకంబాడిలోనే తయారయ్యే అమరాన్ బ్యాటరీ ఉండగా షోరూంలో కొనడమెందుకన్నది నా పంతం. పాతది ఇస్తే ధర తగ్గిస్తారు కూడా. విప్పేటప్పుడు ముందు నెగెటివ్, బిగించేటప్పుడు చివర నెగెటివ్. బిల్లుల్లో పన్ను గురించి కూడా ఒక ముక్క. బ్యాటరీ, బ్రేక్ ప్యాడ్లు వంటి వాటి మీద 28 శాతం జీఎస్టీ ఉండేది, 2025 సెప్టెంబరు 22 నుంచి 18కి తగ్గింది. పాత ధర చెబితే అడగండి.

వారంటీ సంగతి. 2014 ఆగస్టులో కాంపిటీషన్ కమిషన్ (వ్యాపారాల్లో పోటీ సరిగ్గా ఉండేలా చూసే కేంద్ర సంస్థ) 14 కార్ల కంపెనీల మీద ఒక ఉత్తర్వు ఇచ్చింది, జరిమానా రూ.2,544 కోట్లు. విడిభాగాలు, రిపేరు సమాచారం బయటి మెకానిక్‌లకు అందకుండా చేస్తున్నారన్నది అసలు కేసు. బయట చేయించారన్న ఒక్క కారణంతో వారంటీ మొత్తం రద్దు అనే షరతు పెట్టకూడదని అందులో ఉంది. బయటివాళ్ల పని లోపం వల్లే చెడిపోతే మాత్రం నిరాకరించవచ్చు. కంపెనీలు అప్పీళ్లకు వెళ్లాయి. అదలా ఉంచండి, ఇంజిన్ మొరాయించి కారు లిఫ్టు మీద ఉన్నప్పుడు కౌంటర్ దగ్గర నిలబడి ఉత్తర్వులు చదివి వినిపించే ఓపిక మనకుంటుందా? నా వరకు వారంటీ ఉన్నంత కాలం షోరూంలోనే చేయించి, అనవసరమైనవి కొట్టేయించడమే తెలివైన పని. మీరు డబ్బు కట్టి ఎక్స్‌టెండెడ్ వారంటీ తీసుకుని ఉంటే దాని కాగితంలో సర్వీసు షరతులు చదవండి. నాలుగేళ్లు నిండాయన్నారు, చాలా కార్లకు మామూలు వారంటీ ఆ పాటికి అయిపోతుంది కాబట్టి, అది లేకపోతే మీకు ఈ బెంగ దాదాపు అక్కర్లేదు. ఒక్కటి, కంపెనీ ఏదైనా పార్టు లోపముందని వెనక్కి పిలిస్తే దాన్ని షోరూంలోనే ఉచితంగా మారుస్తారు. ఛాసిస్ నంబరుతో కంపెనీ సైట్లో ఏడాదికోసారి చూసుకోండి.

మీ స్థానంలో నేనైతే, ఎనిమిది వేలే తిరిగినా ఏడాది కాగానే ఆయిల్ మార్పిస్తాను, కిలోమీటర్లతో పాటు నెలల లెక్క కూడా ఉంటుంది కాబట్టి. సామాను నేనే కొంటాను, ఎమ్మార్పీ స్టిక్కరు, పార్టు నంబరు చూసి మరీ, ఎందుకంటే నకిలీ ఫిల్టర్లు చాలానే ఉన్నాయి. పని చిత్తూరులో నలుగురూ మంచివాడన్న మెకానిక్‌కు ఇస్తాను. బిల్లులన్నీ ఒక కవర్లో దాస్తాను, రేపు అమ్మేటప్పుడు పనికొస్తాయి. అయినా ఆయిల్ సొంతంగానే మార్చాలని ముచ్చటగా ఉంటే మార్చండి, దాన్ని నేను కాదనను. ఉత్త జాకీ మీద నిలబెట్టిన కారు కిందకి మాత్రం తల పెట్టొద్దు.

తీసిన పాత ఆయిల్ కాలువలో పోయకండి. మెకానిక్‌లు పీపాల్లో పోసి అమ్ముతారు, వాళ్లకిస్తే తీసుకుంటారు. నేను చేసుకున్న ఆ రెండుసార్లూ మా మామగారు చిత్తూరు నుంచి డబ్బా పట్టుకుని వచ్చి మరీ పట్టుకెళ్లారు, పాత దూలాలకు పూస్తే చెద పట్టదని. ఇప్పుడు మెకానిక్ దగ్గర మార్పిస్తున్నానంటే మా ఇంట్లో ఆయన ఒక్కరే నొచ్చుకున్నారు.