జిల్లేళ్ళలో తేడాలు: రంగు మాటా, జాతి మాటా?

సందేహం: మేము బెంగళూరు బసవనగుడిలో ఉంటున్నాము. పిల్లల కోసం వేస్తున్న ఒక బొమ్మల పుస్తకానికి నేను తెలుగు వ్యాఖ్యలు రాస్తున్నాను. అందులో ఒక పొద ఛాయాచిత్రం జైసల్మేర్ ఇసుకలో తీసినది, మరొకటి సావనదుర్గం కొండ దారిలో తీసినది. రెండూ జిల్లేడులాగే ఉన్నాయి గాని, పూలు ఒక తీరున లేవు. ఎడారిలోని పువ్వు తెల్లగా ఉంది కనుక దానిని 'తెల్ల జిల్లేడు' అనవచ్చునా? హిందీ ప్రతిలో దానికి 'మదార్' అని ఉంది. అమరకోశంలో కూడా అర్కానికి, అంటే జిల్లేడుకు, 'మందార' అనే పేరు కనిపించింది. 'మందారం' అని రాస్తే తప్పా?
– ఒక పాఠకురాలు

సమాధానం: ఎడారి పొదను 'తెల్ల జిల్లేడు' అనకూడదు. తెలుగులో ఆ పేరు ఇదివరకే మరొక మొక్కకు స్థిరపడి ఉన్నది. సావనదుర్గం దారిలో మీరు చూసినది మన ఊళ్ళలో కంచెల వెంట పెరిగే జిల్లేడే. శాస్త్రజ్ఞులు దానిని కలోట్రోపిస్ జైగాంటియా అంటారు. ఆ ఒక్క జాతిలోనే ఊదా పూల మొక్కలూ ఉన్నాయి, తెల్ల పూల మొక్కలూ ఉన్నాయి. వినాయకచవితి ముందు మీ గాంధీబజారులో దండలు గుచ్చి అమ్మే తెల్లని 'ఎక్కద హూ' ఈ రెండవది. (ఆ మాట విని 'ఎక్కడ?' అని వెనుదిరిగి చూడని తెలుగువారు బెంగళూరులో తక్కువే.) కన్నడంలో బిళి ఎక్క, తమిళంలో వెళ్ళెరుక్కు, తెలుగులో తెల్ల జిల్లేడు అన్న మూడు మాటలలోనూ ముందున్న విశేషణం రంగునే చెబుతున్నది గాని, జాతిని వేరు చేయడం లేదు. అమరకోశకర్త అమరసింహుడు మొక్కల పేర్లు చెప్పే వనౌషధివర్గంలో అర్కం పేర్లన్నీ చెప్పి, చివర 'అత్ర శుక్లేఽలర్కప్రతాపసౌ' అన్నాడు. 'అత్ర' అంటే 'వీటిలోనే' అని అర్థం కనుక, అలర్కమన్నది ఆయన దృష్టిలో అర్కంలోని తెల్ల రకమే.

ఎడారిలోనిది కలోట్రోపిస్ ప్రోసెరా. రాజస్థాన్ మొదలుకొని పశ్చిమాసియా, ఉత్తరాఫ్రికా ఎడారుల దాకా కనిపించేది ఇదే. కాడ దాదాపు లేకుండా కొమ్మను పట్టుకొని ఉండే దళసరి ఆకు, వాటి మీది తెల్లని నూగు, తుంచితే కారే పాలు, పగిలితే దూది ఎగిరే కాయ రెండింటికీ సమానమే కనుక, వీటిని బట్టి గుర్తుపట్టబోతే పొరబడతారు. చూడవలసినది పువ్వును. మన జిల్లేడు పువ్వులో అయిదు రేకులూ పూర్తిగా విచ్చుకొని, వెనుకకు వాలి, కొనల దగ్గర కొంచెం మెలి తిరిగి ఉంటాయి. నడుమ మైనంతో పోత పోసినట్టుండే కిరీటం నిక్కి కనిపిస్తుంది. ఎడారి జాతిలో పువ్వు చిన్నది. రేకులు వెనుకకు వాలక నిటారుగా నిలిచి దొప్పలా అవుతాయి, ప్రతి రేకు కొనలోనూ చిక్కని ఊదా మచ్చ ఉంటుంది. దూరం నుంచి తీసిన బొమ్మలో ఆ మచ్చ అణగిపోయి తెలుపే మిగులుతుంది. మీరు పొరబడినది అక్కడే అనుకుంటాను. పువ్వు కోసి పోల్చదలిస్తే పాలు కంటికి తగలనీయకండి.

మరి పేరేమిటి? 'ఎడారి జిల్లేడు' అనవచ్చు గాని, ఢిల్లీ రోడ్ల పక్కన కూడా పెరిగే మొక్కకు ఆ పేరు అంతగా అతకదు. పైగా, మన భాషలో ముందు చేర్చిన మాట చుట్టరికాన్ని గాని, వేరుతనాన్ని గాని నమ్మకంగా చెప్పదు. గోగుకూ, రాతి కొండల మీద పచ్చగా పూసే కొండగోగుకూ కుటుంబమే వేరు. గన్నేరు, పచ్చగన్నేరు, దేవగన్నేరు, బిళ్ళగన్నేరు నాలుగు వేర్వేరు ప్రజాతులవి. అయినా అన్నీ ఒకే కుటుంబానికి చెందడం విశేషం. ఇప్పటి వర్గీకరణలో జిల్లేడు కూడా ఆ కుటుంబంలోకే వచ్చి చేరింది. నన్నడిగితే 'దొప్పపూల జిల్లేడు' అనండి, పక్కన శాస్త్రనామం తెలుగు లిపిలో ఒక్కసారి ఇవ్వండి. ఇది నేను కూర్చిన మాట, నిఘంటువులలో వెదకవద్దు. రెండవ బొమ్మకు ఉత్త 'జిల్లేడు' చాలు.

ఇక మందారం సంగతి. అమరకోశంలోనే ఆ పేరు మూడుచోట్ల తిరుగుతుంది: దేవతల అయిదు చెట్లలో ఒకటిగా, పారిభద్రానికి, అంటే మన బాడిదకు, మారుపేరుగా, ఇక్కడ అర్కానికి పర్యాయంగా. ఆ మూడవ అర్థమే హిందీ 'మదార్'లో నిలిచింది. తమిళుల మందారై దేవకాంచన జాతి చెట్టు. తెలుగువారి మందారమో, మీ కన్నడ ఇరుగుపొరుగు 'దాసవాళ' అని పిలిచే పువ్వు. వ్యాఖ్యలో మీరు 'మందారం' అని రాస్తే తెలుగు పిల్లలు ఆ ఇసుకలో ఎర్ర పువ్వు కోసం వెదకుతారు. కాబట్టి హిందీ ప్రతిలో 'మదార్' ఉన్న ప్రతి చోటా, బొమ్మను బట్టి 'దొప్పపూల జిల్లేడు' అని గాని, 'జిల్లేడు' అని గాని రాయండి.