‘మూడు దేశాలు తిరిగేది ఏం చదువు?’

ప్రశ్న: అక్కా, మాది చిత్తూరు. 2023లో బీటెక్ కంప్యూటర్స్ అయింది. తిరుపతిలో ఒక చిన్న కంపెనీలో సాఫ్ట్‌వేర్ సపోర్ట్ పని చేస్తున్నా. నాకు కోడింగ్ మీద అంత మోజు లేదు. ఒక ఆఫీసుకు ఏ సాఫ్ట్‌వేర్ సరిపోతుంది, తెచ్చాక దాన్ని ఎవరూ ఎందుకు వాడరు, ఇలాంటివి ఇష్టం. యూరోపియన్ యూనియన్ స్కాలర్‌షిప్‌లిచ్చే ఎరాస్మస్ ముండస్ పథకంలో ఒక్కో సెమిస్టర్ ఒక్కో దేశంలో చదివే ఐటీ మేనేజ్‌మెంట్ మాస్టర్స్ ఉంటాయని తెలిసింది. మా నాయన బెల్లం మండీలో గుమాస్తా. ‘కుదురుగా ఒకచోట ఉండకుండా మూడు దేశాలు తిరిగేది ఏం చదువు?’ అంటున్నాడు. కన్సల్టెన్సీ ఆయనేమో అది వదిలేసి 40 లక్షల లోన్ పెట్టి వేరే దేశం వెళ్లమంటున్నాడు. ఒకటే టెన్షన్. ఇంకోమాట, రాగిపిండి తీసుకెళ్లనిస్తారా?
– పేరు వద్దు, చిత్తూరు

జవాబు: చెల్లీ, 2018లో మా నాయన కూడా ఇదే అడిగాడు. పూతలపట్టు దగ్గర మాకు మామిడితోట ఉంది. ‘చెట్టును మూడుసార్లు పెరికి నాటితే కాపుకొస్తుందా?’ అన్నాడు. నేను చెట్టును కాదు నాయనా అని మాత్రం అనగలిగాను.

ముందు ఈ చదువేమిటో మీ నాయనకు ఇలా చెప్పు. తిరుమల 300 రూపాయల దర్శనం టికెట్లు ఆన్‌లైన్‌లో వదిలే రోజు ఇంట్లో అందరూ తలా ఒక ఫోన్ పట్టుకుని కూర్చుంటారు కదా. ఆ పేజీకి కోడ్ రాయడం ఒక పని. ఒక్కసారిగా ఎంతమంది వస్తారు, వరుస ఎలా పెట్టాలి, సర్వర్లు కొనాలా అద్దెకు తీసుకోవాలా, డబ్బు కట్ అయి టికెట్ రాకపోతే ఎవరు జవాబు చెప్పాలి, ఇవన్నీ తేల్చడం ఇంకో పని. నువ్వు చదవాలనుకునేది ఈ రెండోది.

నేను చదివింది ఇందులోనే ప్రభుత్వ సేవల వైపు. మొదట బెల్జియంలోని లూవెన్, తర్వాత జర్మనీలోని మ్యూన్‌స్టర్, ఆ తర్వాత ఎస్టోనియా రాజధాని టాలిన్. చివరి సెమిస్టర్ థీసిస్. మొత్తం రెండేళ్లు, 120 క్రెడిట్లు. మ్యూన్‌స్టర్‌లో ఒక దరఖాస్తు మొదలైనప్పటి నుంచి ముగిసేదాకా ఎన్ని చేతులు మారుతుందో బొమ్మ గీయడం నేర్పారు. అదే ఊళ్లో నా చిరునామా నమోదు చేసుకోవడానికి ఇంటి ఓనరు సంతకం పెట్టిన కాగితం పట్టుకుని ఆఫీసుకు వెళ్లాను. టాలిన్‌కు వెళ్తే ఇంకో లోకం. అక్కడ 2001లోనే ఎక్స్-రోడ్ అనే ఏర్పాటు పెట్టుకున్నారు. ఒక శాఖ దగ్గరున్న వివరం ఇంకో శాఖ నేరుగా తెప్పించుకుంటుంది, మనల్ని మళ్లీ జిరాక్స్ అడగదు. 2005 నుంచి ఎన్నికల్లో ఇంటర్నెట్ ఓటు కూడా ఉంది. కంప్యూటర్లు రెండు చోట్లా ఒకటే. చట్టం, అలవాటు, ప్రభుత్వం మీద జనానికుండే నమ్మకం వేరు. ఇది పుస్తకంలో చదివితే నాకు ఎక్కేది కాదు, రెండు చోట్లా నా పని కోసం నేనే వరుసలో నిలబడ్డాను కాబట్టి ఎక్కింది. థీసిస్‌కు మన మీసేవ తీసుకున్నా. 2011లో అది ముందుగా మొదలైన జిల్లాల్లో మనదీ ఒకటి. ఒక ఆదాయ ధ్రువపత్రం ప్రయాణాన్ని మ్యూన్‌స్టర్ పద్ధతిలో బొమ్మ గీస్తే మా వంటింటి గోడంత వచ్చింది.

ఇక డబ్బు. ఇక్కడ మొహమాటం లేకుండా చెప్తాను: స్కాలర్‌షిప్ వస్తే వెళ్లు, రాకపోతే ఒకే దేశంలో కోర్సు చూసుకో. 2021 తర్వాతి విడతల్లో ఎరాస్మస్ ముండస్ స్కాలర్‌షిప్ నెలకు 1,400 యూరోలు, గరిష్ఠంగా 24 నెలలు. స్కాలర్‌షిప్ వచ్చినవాళ్లు ఫీజు కట్టక్కర్లేదు. కానీ వీసా, విమానం, గది అడ్వాన్సు అన్నీ ఆ 1,400లోనే. పైగా మొదటి విడత సాధారణంగా అక్కడికి చేరాకే పడుతుంది. కాబట్టి బయల్దేరే ముందు కొంత చేతిలో ఉండాలి. సొంత డబ్బుతోనో లోన్‌తోనో అయితే మూడు అడ్వాన్సులు, మూడు ప్రయాణాలు కలిపి నడ్డి విరుగుతుంది. నాకే ఒకచోట ఓనరు అడ్వాన్సులో సగం ‘గోడ మీద మరక’ అని పట్టుకున్నాడు. ఆ మరక నేను చేరేటప్పటికే ఉంది. ఫోటో తీసిపెట్టుకోలేదు. నువ్వు తీసుకో.

కన్సల్టెన్సీ ఆయన దీన్ని ఎందుకు వద్దంటున్నాడో ఊహించుకో. ఈ కోర్సులకు మధ్యలో ఎవరూ అక్కర్లేదు, నేరుగా దరఖాస్తు చేసుకోవాలి. చాలావాటికి అక్టోబర్ నుంచి జనవరి లోపు గడువు ఉంటుంది. జాబితా ఏటా మారుతుంది, యూరోపియన్ యూనియన్ సొంత జాబితానే చూడు.

నిజంగా విసిగించేవి కాగితాలే. ఒక దేశంలో ఉండటానికిచ్చిన పర్మిట్‌తో పక్క షెంజెన్ దేశంలో (తమ మధ్య సరిహద్దు తనిఖీలు ఎత్తేసుకున్న యూరప్ దేశాల్లో ఒకటి) మామూలుగా 180 రోజుల్లో 90 రోజులే ఉండొచ్చు. సెమిస్టర్ అంతకంటే పొడుగు. దేశం మారే ప్రతిసారీ ముందుగా తెలియజేయాలా, కొత్త పర్మిట్ తీసుకోవాలా అన్నది కోర్సు వాళ్లను మొదటి నెలలోనే అడుగు. నేను మూడో నెలలో అడిగి రెండు వారాలు సరిగా నిద్రపోలేదు. డిగ్రీ పట్టాకు అపోస్టిల్, అంటే అది అసలుదేనని బయటి దేశాలు ఒప్పుకునేలా మన విదేశాంగ శాఖ వేసే ముద్ర, ఇప్పుడే వేయించుకో. పోలీస్ క్లియరెన్స్‌కు తిరుపతి పాస్‌పోర్ట్ సేవా కేంద్రం చాలు, చెన్నై పరిగెత్తక్కర్లేదు.

మీ నాయనకు పటం కూడా చూపించు. లూవెన్ నుంచి మ్యూన్‌స్టర్ దాదాపు మన తిరుపతి నుంచి బెంగళూరంత దూరం. టాలిన్ మాత్రం దూరమే. డిసెంబర్‌లో అక్కడ పగలు ఆరు గంటలే, మధ్యాహ్నం మూడున్నరకే దీపాలు పెట్టేస్తారు.

రాగిపిండి తీసుకెళ్లొచ్చు. నేను ఐదు కిలోలు మోసుకెళ్లా. టాలిన్ చలిలో రాగిసంగటి, వేరుశనగ ఊరుబిండితో తింటుంటే పక్కగది ఎస్టోనియా అమ్మాయి వాళ్ల నల్ల రై రొట్టె తెచ్చి కూర్చునేది. నెయ్యి మాత్రం పెట్టుకోకు. పాలతో, మాంసంతో చేసినవి బయటి దేశాల నుంచి యూరోపియన్ యూనియన్‌లోకి రానివ్వరు. మా అమ్మ కాచి ఇచ్చిన డబ్బా విమానాశ్రయంలోనే పోయింది.