సీపీ ఉన్న బాబు థెరపీ కోసం హైదరాబాద్ మారిపోవాలా?

మూడేళ్ల బాబుకి సెరిబ్రల్ పాల్సీ (సీపీ, అంటే మెదడు దెబ్బతిని ఒంటి కదలికలు పట్టు తప్పడం) అన్నారు, మా మండలంలో పెద్ద సెంటర్లు లేవు, ఉద్యోగం మానేసి హైదరాబాద్ వెళ్లిపోదామా అని అడిగారు. నన్నడిగితే వద్దండి. మా మేనల్లుడికీ ఇదే, పల్నాడులో పల్లెటూరు. వారానికో గంట ఏసీ గదిలో చేయించే ఎక్సర్‌సైజుల కన్నా రోజూ మూడు పూటలా అన్నం ఎలా పెడుతున్నాం అన్నదే ముఖ్యం.

మా అక్క వాణ్ణి ఒళ్లో వెల్లకిలా పడుకోబెట్టి తినిపించేది. ముద్ద ముద్దకీ పొలమారడం, ఏటా చలికాలం నెమ్ము, ఆస్పత్రి. మండలంలో భవిత కేంద్రానికి (ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం ప్రభుత్వం నడిపేది) వచ్చే ఫిజియో అమ్మాయి ఆ గిన్నె చేతిలోకి తీసుకుని, పిల్లాణ్ణి నిటారుగా కూర్చోబెట్టి, గడ్డం కాస్త కిందికి ఉండేలా తల పట్టుకుని, చెంచా పైనుంచి కాకుండా ఎదురుగా పెట్టి చూపించింది. తర్వాత ఊళ్లో వడ్రంగి పాత తలుపు చెక్కతో మూల కుర్చీ చేసిచ్చాడు: వెనక రెండు పలకలు గోడ మూలలా కలుస్తాయి, నడుముకో బెల్టు, కాళ్లు కత్తెర పడకుండా తొడల మధ్య చెక్క దిమ్మ, ముందో బల్ల. మొదటిరోజు తిన్నది తక్కువే గానీ, బల్లమీది అప్పడాన్ని మాత్రం పిడికిలితో పొడి పొడి చేసి పడేశాడు!

ఇక స్టెమ్ సెల్స్ (మూలకణాలు) ఎక్కిస్తే నడిచేస్తాడని ఎవరైనా లక్షలు అడిగితే ఆ గుమ్మం ఎక్కకండి. అనుమతి ఉన్న క్లినికల్ ట్రయల్‌లో తప్ప సీపీకి అది వాడకూడదని భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 2017 మార్గదర్శకాల ప్రకారమే తేలుతుంది. పెళ్లిళ్లలో తగిలే బంధువుల సలహాల సంగతి చెప్పనే అక్కర్లేదు.

వైకల్యాన్ని ధ్రువీకరించే సదరం సర్టిఫికెట్ ముందు తీసుకోండి. 2016 దివ్యాంగుల హక్కుల చట్టంలోని 21 వైకల్యాల్లో సీపీ ఉంది, ఆంధ్రాలో పెన్షన్ ఇప్పుడు నెలకు 6,000. మేం వెళ్లినప్పుడు మాత్రం క్యాంపు పై అంతస్తులో పెట్టారు, లిఫ్ట్ లేదు, నడవలేని పిల్లల్ని తల్లులు చంకన వేసుకుని మెట్లెక్కారు, ఆ ఆలోచన ఎవరిదో గానీ దండం పెట్టాలి. కేంద్ర ప్రభుత్వ సంస్థ నేషనల్ ట్రస్ట్ వాళ్ల నిరామయ ఆరోగ్య బీమా కూడా ఉంది, లక్ష దాకా ఇస్తుంది, థెరపీ ఖర్చు కూడా అందులోకే వస్తుంది.

ఊరు దాటాల్సిందల్లా తుంటి ఎక్స్‌రేకే, అది గుంటూరు లాంటి చోటైనా తీస్తారు. సీపీ పిల్లల్లో తుంటి కీలు చప్పుడు లేకుండా జారిపోతుంది, డాక్టర్ చెప్పిన గడువుకి తీయించండి. కుర్చీ చేయిస్తే పాదాలు గాల్లో వేలాడకుండా కింద పీట పెట్టించండి, పెరిగే పిల్లాడు కాబట్టి దాని ఎత్తు మార్చుకునేలా ఉండాలి.