ఫోటో చూస్తే వస్తుంది, చెట్టు చూస్తే రాదు

ప్రశ్న: ఫోటో చూసి పూలూ పిట్టలూ బాగానే గీస్తాను. చెట్టు ముందు కూర్చుంటే మాత్రం చెయ్యి ఆడదు. ఎక్కడ మొదలుపెట్టాలో తెలీక టెన్షన్. నేరుగా చూసే గీయాలా? అలా గీస్తూ బతికినవాళ్లు ఉన్నారా?

జవాబు: ఉన్నారు. చిత్రకారిణి మరియా సిబిల్లా మెరియన్ గురించి చెప్తాను, ఆమె అంటే నాకు కాస్త పక్షపాతం. 1647లో జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్‌లో పుట్టింది. సవతి తండ్రి పూల చిత్రకారుడు. కుంచె పట్టడం ఆయన దగ్గరే నేర్చుకుంది. పదమూడేళ్లకే పట్టుపురుగులను పెంచుతూ, అవి ఎలా మారుతున్నాయో గమనించేది. పురుగులు బురదలోంచీ కుళ్లులోంచీ వాటంతటవే పుడతాయని చాలామంది నమ్మే రోజులవి.

ఆమె బొమ్మల్లో మధ్యన మొక్క ఉంటుంది. ఆకు అంచు కొరికేసి ఉంటుంది, కొరికిన గొంగళిపురుగూ అక్కడే ఉంటుంది. దగ్గర్లో గూడు, పైన రెక్కలు విప్పిన సీతాకోకచిలుక. రోజుల తరబడి చూసినవన్నీ ఒకే కొమ్మ మీదికి తెచ్చింది. ఒక్క ఫోటోతో అయ్యే పని కాదిది. అన్నీ కరెక్టుగా వేసిందని కాదు, కొన్నిచోట్ల ఒక జాతి గొంగళిపురుగు పక్కన వేరే జాతి సీతాకోకచిలుక పడింది కూడా.

1699లో, యాభై రెండేళ్ల వయసులో, చిన్న కూతుర్ని వెంటబెట్టుకుని దక్షిణ అమెరికాలోని సురినామ్‌కు ఓడెక్కింది. జబ్బుచేసి 1701లో తిరిగొచ్చింది. అక్కడి పురుగుల మీద 60 చిత్రాలతో పుస్తకం 1705లో ఆమ్‌స్టర్‌డామ్‌లో అచ్చయింది. అందులో పిట్టను తింటున్న పెద్ద సాలీడును తర్వాతివాళ్లు కట్టుకథని కొట్టిపారేశారు. పందొమ్మిదో శతాబ్దంలో హెన్రీ బేట్స్ అనే ఇంగ్లిష్ ప్రకృతి పరిశోధకుడు అమెజాన్ అడవుల్లో సాలీడుకు చిక్కిన పిట్టల్ని చూశాక గానీ ఆ మాట నమ్మలేదు.

ఇక మీ సంగతి. చెట్టు మొత్తం గీయాలనుకోవడంతోనే వస్తోంది తంటా. ఒక రెమ్మ చాలు. ఆకు కాడ కొమ్మకు ఎలా అతుక్కుందో ముందు చూడండి. ఆకులు ఎదురెదురుగా జంటలుగా ఉన్నాయా, అటొకటి ఇటొకటిగా వచ్చాయా? కాడ మొదట్లో చిన్న మొగ్గ ఉంటుంది, ఫోటోల్లో అది తరచుగా నీడలో కలిసిపోతుంది. అక్కణ్ణుంచి మొదలుపెట్టి ఆకు కొనదాకా వెళ్లండి. రబ్బరు ముట్టుకోవద్దు, గీత తప్పితే పక్కనే ఇంకోటి గీయండి. నాలుగు రోజులాగి అదే రెమ్మ దగ్గర, అదే కాగితం మీద, తేదీ వేసి, మారినంతవరకే గీయండి.

రంగుల జోలికి ఇప్పుడే వెళ్లొద్దు. ఆకుపచ్చ కలపడం పెద్ద పంచాయితీ, అది అడుగుతూ ఇంకో ఉత్తరం రాయండి.