వాతావరణ మార్పు: నష్టం ఎక్కువా, నివారణ ఖర్చు ఎక్కువా?

నివారణకు లక్షల కోట్లు పోసేకంటే నష్టం వచ్చినప్పుడు సర్దుకోవడమే చవక కదా అని అడిగారు. అలా తేల్చిన లెక్క ఏదైనా కనిపిస్తే ముందు అందులో డిస్కౌంట్ రేటు, అంటే రేపటి డబ్బును ఇవాళ్టి విలువకు తెచ్చేందుకు ఏటా తగ్గించే శాతం, ఎంత వేశారో వెతకండి. తగాదాలో సగం అక్కడే ఉంటుంది.

నూరేళ్ల తర్వాత జరగబోయే 10 లక్షల డాలర్ల నష్టానికి ఇవాళ్టి విలువ కట్టాలనుకోండి. చక్రవడ్డీని వెనక్కి తిప్పినట్టే. 1.4 శాతం వేస్తే దాదాపు 2.5 లక్షలు వస్తుంది, 4.5 శాతం వేస్తే 12 వేల చిల్లర. నష్టం అదే, విలువ మాత్రం ఇరవై రెట్లు తేడా. 2006లో బ్రిటిష్ ఆర్థికవేత్త నికోలస్ స్టెర్న్ నివేదిక సుమారు 1.4 శాతమే వాడింది. ఏటా ప్రపంచ జీడీపీలో 1 శాతం ఖర్చు పెడితే కనీసం 5 శాతం నష్టాన్ని చాలావరకు తప్పించవచ్చంది. అమెరికన్ ఆర్థికవేత్త విలియం నార్డ్‌హాస్ అంతకంటే బాగా ఎక్కువ రేటు వేసి, ఉద్గారాల కోతను మెల్లగా మొదలుపెట్టి పోనుపోను బిగించమన్నారు. ఆయనా కార్బన్ పన్ను వేయమన్నవారే. ఈ సంగతి చాలామంది దాటేస్తారు.

మొత్తం నష్టాన్ని మొత్తం ఖర్చుతో తూచకండి, టన్నుకు టన్ను చూడండి. అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ 2023లో ఒక టన్ను కార్బన్ డయాక్సైడ్ చేసే నష్టాన్ని 2 శాతం రేటుతో 190 డాలర్లుగా, 2.5 శాతంతో 120గా కట్టింది. అంతకంటే తక్కువకు ఆపగలిగే ప్రతి టన్నూ లాభమే. టన్నుకు 100 డాలర్లలోపు అయ్యే పనులతోనే 2030కల్లా ఉద్గారాలను 2019తో పోలిస్తే కనీసం సగం తగ్గించే వీలుందని వాతావరణ మార్పుపై ఐక్యరాజ్యసమితి నిపుణుల సంఘమైన ఐపీసీసీ 2022 నివేదిక చెప్పింది.

ఖర్చు పద్దులో ఎక్కువగా దొర్లే తప్పు ఇది: కాలం తీరిన బొగ్గు ప్లాంటు స్థానంలో ఎలాగూ ఇంకోటి కట్టాలి. కాబట్టి సోలార్ ఖరీదంతా నివారణ ఖాతాలో రాయకూడదు. రెంటి మధ్య తేడా మాత్రమే రాసి, ఆదా అయ్యే ఇంధనం ఖర్చు తీసేయాలి. ఇక సర్దుకోవడం ఉచితమేమీ కాదు. సముద్రానికి గోడ కట్టినా, నేల అడుగునుంచి పాకే ఉప్పునీటిని అది ఆపదు.

సగటు అంచనా ఒక్కటే ఇచ్చే లెక్కను నేను నమ్మను. గాలిలో కార్బన్ డయాక్సైడ్ రెట్టింపైతే చివరికి వేడి 2.5 నుంచి 4 డిగ్రీల దాకా పెరగొచ్చని ఐపీసీసీ అంచనా. నష్టం ఉష్ణోగ్రత పెరుగుదల వర్గంతో (దాన్ని దానితోనే గుణిస్తే వచ్చేదానితో) పెరుగుతుందనుకుంటే 2.5 దగ్గర 6.25 పాళ్లు, 4 దగ్గర 16 పాళ్లు. అందుకే 2.5, 3, 4 మూడింటికీ విడివిడిగా లెక్క అడగండి.