తొలి మంచు మీదికి వెళ్లే ముందు

చిరంజీవికి ఆశీస్సులు.

మొదటి మంచు పడిందనీ, ఈ వారాంతంలోనే స్కీలతో కొండెక్కుతున్నామనీ రాశావు. సంతోషమే. కానీ "మోకాలి లోతు కూడా లేని మంచుకి చరియలేం విరుగుతాయి" అన్నావే, ఆ మాటకే నాకు భయమేసింది.

పల్చటి మంచు తొందరగా బలహీనపడుతుంది. అడుగున నేల సున్నా డిగ్రీల దగ్గర ఉంటుంది. పైన రాత్రిపూట గాలి మైనస్ 15కి పడిపోతుంది. మధ్యలో ఉన్నది 30 సెంటీమీటర్ల మంచే అయితే ఆ తేడా అంతా దాని మీదే పడుతుంది. కింది వెచ్చదనానికి పుట్టిన ఆవిరి పైకి పోతూ రేణువుల్ని కోణాలు తేలిన పలుకులుగా మార్చేస్తుంది. 10 సెంటీమీటర్లకు ఒక డిగ్రీ తేడా దాటితే చాలు, ఈ మార్పు మొదలవుతుంది. అడుగు మంచు గుప్పెట్లోకి తీసుకుని నొక్కి చూడు. ఉండ కట్టకుండా పంచదారలా వేళ్ల సందుల్లోంచి జారిపోతే, దాని మీద రేపు పడే మంచుకి పట్టు ఉండదు.

చిక్కల్లా ఏమిటంటే, ఈ కాలంలో స్కీకి సరిపడా మంచు దొరికేదీ ఇలా పట్టు లేని మంచు ఉండే చోటే. ఎండ తగలని వాలుల్లో పాత మంచు కరగకుండా మిగులుతుంది, గాలి కొట్టుకొచ్చిన మంచు లోయపాయల్లో నిండుతుంది. మిగతా కొండంతా రాళ్లు తేలి ఉంటే ఎవరికైనా మనసు అటే లాగుతుంది. అలాంటి చోట 30 డిగ్రీలు దాటిన వాలు జోలికి వెళ్లకు. దాని కింద నుంచి కూడా నడవొద్దు, పట్టు లేని పొర దూరం నుంచే తెగి నీ మీదికి రావచ్చు.

కాళ్ల కింద మంచు ధబ్బుమని కుంగినా, స్కీ ముందు నుంచి పగులు పాకినా అక్కడికక్కడే వెనక్కి తిరుగు. ఇక గుంట తవ్వి పరీక్షించేదేమీ లేదు. చరియ చిన్నదైనా తేలిగ్గా తీసుకోకు, నిన్ను పూడ్చకపోయినా రాళ్ల మీదుగా ఈడ్చుకుపోతుంది. హెల్మెట్ తప్పనిసరి. దిగేటప్పుడు వేగం తగ్గించు, పైకి నున్నగా కనిపించే మంచు కింద మొద్దులు, పడిపోయిన దుంగలు ఉంటాయి. హిమానీనదాల మీదికైతే ఇప్పుడు అసలు వద్దు, పగుళ్ల మీద మంచు వంతెనలు ఇంకా గట్టిపడి ఉండవు.

మంచులో పూడుకుపోయిన వాళ్లని వెతకడానికి సంకేతాలు పంపి, అందుకునే బీకన్‌లో పోయిన ఏడాది బ్యాటరీలు తీసేసి కొత్తవి వెయ్యి. ఫోన్‌ని దానికి కనీసం 20 సెంటీమీటర్ల దూరంలో పెట్టుకో, వెతికేటప్పుడు 50. పార, మంచులోకి గుచ్చి వెతికే ప్రోబ్ కర్ర ప్రతి ఒక్కరి దగ్గరా ఉండాలి. పూడుకుపోయిన మనిషి బతికే అవకాశం మొదటి పది, పదిహేను నిమిషాల్లోనే ఎక్కువ. అందుకే వెళ్లేలోపు మీ జట్టంతా ఒక పూట వెతకడం సాధన చెయ్యండి.

మంచుచరియల హెచ్చరిక ప్రకటనలు చాలాచోట్ల ఇంకా మొదలై ఉండవు. కాబట్టి ఏ వాలుకి వెళ్తున్నారో, అది ఎటు తిరిగి ఉందో, ఎన్ని డిగ్రీలో శుక్రవారంలోగా నాకు రాసి పంపు.