పెరట్లో కోళ్ళు ఒకదాని వెనక ఒకటి పోతుంటే ఇంట్లో ఏం చేయగలం?

ఎనిమిది నాటుకోళ్ళలో మూడు పోయాయి, రెట్ట ఆకుపచ్చగా పడుతోంది, ఒక పెట్టకు మెడ వంకర తిరిగింది, అత్తగారు మిగిలినవాటిని కోసేద్దామంటున్నారు, ఆ దిగులుతో పాప సరిగా అన్నం తినడం లేదు, ఇంట్లో చేసుకునే వైద్యం ఏదైనా చెప్పండి అని మీరు అడిగారు. మా ఇంట్లో ఏళ్ళ తరబడి కోళ్ళున్నాయి. ఒక ఎండాకాలం మొదట్లో మా వీధి వీధంతా తెగులు వచ్చి గూళ్ళు ఖాళీ అయ్యాయి. అప్పుడు చూసినవీ, మా పశువుల డాక్టరు గారి దగ్గర నేర్చుకున్నవీ చెబుతాను.

మీరు చెప్పిన లక్షణాలకు ముందుగా అనుమానించాల్సింది కొక్కెర తెగులు. డాక్టర్లు రాణీఖేత్ అంటారు. ఆకుపచ్చ, తెలుపు కలిసిన పల్చటి రెట్ట, నోరు తెరిచి గురగురమంటూ ఊపిరి తీయడం, రెక్కలు వేలాడేయడం, బతికిన వాటికి మెడ మెలితిరగడం, కాళ్ళు పడిపోవడం దీని గుర్తులు. ఇది వైరస్. టీకా వేయని కోళ్ళలోకి వస్తే దాదాపు అన్నిటినీ తీసుకుపోగలదు. వచ్చాక దాన్ని చంపే మందు ఇంట్లోనూ లేదు, మెడికల్ షాపులోనూ లేదు. ఈ మాట ముందే చెబుతున్నందుకు ఏమీ అనుకోకండి. ఇది తెలియకే చాలామంది కనిపించిన ప్రతి మందూ కోడి గొంతులో పోస్తారు. ఆఖరి గంటల్లో దానికి అదొక బాధ.

అయితే ఒక జాగ్రత్త. బర్డ్ ఫ్లూ కూడా పైకి చూడ్డానికి ఇలాగే ఉంటుంది. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల్లో, తణుకు దగ్గర వేల్పూరు, పెరవలి మండలం కానూరు ప్రాంతాల్లో కోళ్ళు పోయినప్పుడు కూడా భోపాల్‌లోని జంతు వ్యాధుల ల్యాబ్ నుంచి పరీక్ష ఫలితం వచ్చాకే సంగతి తేలింది. కంటితో చూసి ఎవరూ తేల్చలేరు. కాబట్టి ఈ రోజే పశువుల ఆసుపత్రికి చెప్పండి, లేదా 1962కి ఫోన్ చేయండి. ఆంధ్రాలోనైనా తెలంగాణలోనైనా నంబరు అదే. తల మీది ఎర్ర జుట్టు (తురాయి) నీలంగా మారినా, మొహం వాచినా, ఒక్క పూటలో రెండు మూడు పడిపోయినా అసలు ఆలస్యం చేయొద్దు. ఇకముందు ఏదైనా చనిపోతే, వాళ్ళు పరీక్షకు కావాలంటే, రెండు కవర్లలో మూటకట్టి ఐస్ మధ్య పెట్టి ఉంచండి. డీప్ ఫ్రీజర్‌లో గడ్డకట్టిస్తే పరీక్షకు పనికిరాకపోవచ్చు. తేలేదాకా మాస్క్, గ్లౌజులు లేకుండా ఎవరూ ముట్టుకోవద్దు. పాపను పూర్తిగా దూరంగా ఉంచండి.

అత్తగారి మాట గురించి. తూగుతున్న కోడిని చచ్చేలోపు కోసి వండేయడం మన ఊళ్ళలో పాత అలవాటు. తిండి వృథా కాకూడదని పెద్దవాళ్ళ బాధ, అది నాకు అర్థమవుతుంది. కానీ ఏ జబ్బో తేలకుండా కోయడమే ప్రమాదం, తినడంకన్నా ముందు అక్కడే ఉంది చిక్కు. ఈకలు పీకేటప్పుడు, పేగులు తీసేటప్పుడు చేతులకు, కళ్ళకు, ముక్కుకు తగులుతుంది. రాణీఖేతే అయినా కళ్ళు ఎర్రబడి కలక వచ్చే అవకాశం ఉంది. “డాక్టరు గారు వచ్చి చూసేదాకా ఆగుదాం అత్తయ్యా” అనండి, చాలు. బాగున్నవాటిని సంతలో అమ్మేయడం కూడా వద్దు. బయటికి బాగానే కనిపిస్తున్న కోడిలో కూడా తెగులు ఉండొచ్చు. తగిలాక బయటపడటానికి సాధారణంగా అయిదారు రోజులు, ఒక్కోసారి రెండు వారాలు పడుతుంది. ఊరి తెగుళ్ళు ఎక్కువగా సంత గంపల్లోనే ప్రయాణం చేస్తాయి.

ఇక ఇంట్లో చేయగలిగింది. మందు లేదన్నాను కానీ సేవ లేదనలేదు. నీరసం, దాహం, చలి, పక్క కోళ్ళు పొడవడం, వీటితో పోయే కోళ్ళు చాలా ఉంటాయి. వాటిని మనం ఆపగలం.

జబ్బు కోడిని వేరే గంప కింద పెట్టండి, మిగతా గూటికి దూరంగా, గాలివాటుకు ఎదురు కాకుండా. కింద పాత గోనెసంచి, దానిపైన పొడి ఊక వేసి రోజూ మార్చండి. ముందు బాగున్న కోళ్ళ పని ముగించుకుని, తర్వాతే జబ్బువాటి దగ్గరికి వెళ్ళండి. చెప్పులు కూడా వేరే ఉండాలి. గంపకు ఒక పక్కన 60 వాట్ల బల్బు వేలాడదీస్తే రాత్రి వెచ్చగా ఉంటుంది. రెండో పక్క చల్లగా వదలండి, వేడి ఎక్కువైతే కోడే అటు జరుగుతుంది. ఒళ్ళు పట్టుకుని చూసి జ్వరం అనుకోకండి. కోడి ఒళ్ళు మామూలుగానే 41 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఉంటుంది, మన చేతికి ఎప్పుడూ కాలుతున్నట్టే ఉంటుంది. అది చూసి పారాసిటమాల్ నూరి పోసేవాళ్ళున్నారు, వద్దు.

నీళ్ళ సంగతి కాస్త వివరంగా చెబుతాను, ఎక్కువ కోళ్ళు ఇక్కడే పోతాయి. తల వెనక్కి వంచి గొంతులో నీళ్ళు పోయకూడదు. ఊపిరి వెళ్ళే రంధ్రం నాలుక మొదట్లోనే తెరిచి ఉంటుంది, నీళ్ళు నేరుగా ఊపిరితిత్తుల్లోకి పోతాయి. కోడిని ఒళ్ళో తువ్వాలులో చుట్టి, తల మామూలుగా ఉండగా, సూది లేని సిరంజితో ముక్కు పక్క అంచున ఒక్కో చుక్క వదలండి. అది నాలుక ఆడించి మింగాక ఇంకో చుక్క. లీటరు నీళ్ళలో ఒక ఓఆర్‌ఎస్ ప్యాకెట్ కలిపిన నీళ్ళు మంచివి, ఏ పూటకు ఆ పూట కొత్తగా కలపాలి. మింగడం బాగుంటే నూకల జావ, ఉడికించిన గుడ్డు పచ్చసొన మెదిపి కొంచెం కొంచెం పెట్టండి. మెడ కింద మేతసంచి గట్టిగా నిండి ఉంటే, అది కరిగేదాకా ఇంకేమీ పెట్టొద్దు.

వెల్లుల్లి, పసుపు, మిరియాలు, తమలపాకు ముద్ద గురించి అడుగుతారు. మింగగలిగే కోడికి చిన్న ఉండ పెడితే చెడు లేదు, కానీ దాంతో కొక్కెర తెగులు తగ్గిందని నేను చెప్పను. సారా, కిరోసిన్ మాత్రం ఎవరు చెప్పినా పోయకండి. షాపులో అడక్కుండానే ఇచ్చే యాంటీబయాటిక్ పొడి కూడా అంతే, వైరస్‌కు పనిచేయదు. పైగా గుడ్లలోకి వెళుతుంది, అవి తినేది మన పిల్లలే. కోళ్ళ దాణాలో, మందుల్లో వాడే కొలిస్టిన్ అనే యాంటీబయాటిక్‌ను 2019లో మన దేశంలో నిషేధించింది, ఇలా వాడితే మనుషులకు వచ్చే జబ్బులు కూడా మందులకు లొంగకుండా పోతాయన్న భయంతోనే. డాక్టరు చూసి, పైన ఇంకో జబ్బు చేరిందని రాస్తే అప్పుడు వాడండి, గుడ్లు ఎన్నాళ్ళు తినకూడదో కూడా అడగండి.

వేరే జబ్బులైతే ఇంటి వైద్యం బాగానే పనిచేస్తుంది. జుట్టు మీద, కళ్ళ చుట్టూ కాయలు కాస్తే అది మశూచి, వేపాకు పసుపు ముద్ద రాసి, కళ్ళు శుభ్రంగా ఉంచి మేత తినిపిస్తే చాలావరకు తేరుకుంటాయి. నెల లోపు కోడిపిల్లలు రక్తంతో రెట్ట వేస్తుంటే తడి ఊక మార్చి, డాక్టరు చెప్పిన కొలతలో ఆంప్రోలియం అనే మందు నీళ్ళలో కలపండి. ఒంటి పేలకు గూటి దగ్గర బూడిద, ఇసుక కలిపి గుంట పెడితే అవే పొర్లుతాయి.

నీళ్ళు మింగలేక, మూలుగుతూ, కాళ్ళు తన్నుకుంటుంటే ఇక సిరంజి పక్కన పెట్టేయండి. డాక్టరు వస్తే బాధ లేకుండా పంపమని అడగొచ్చు, అడగడం తప్పు కాదు. రాలేకపోతే గంప మీద గుడ్డ కప్పి, చీకటిగా, సద్దు లేకుండా ఉంచండి. మా నల్ల పెట్టకు నేను చేయగలిగింది అంతే. అది ఏటా పొదిగి పిల్లల్ని లేపేది, గద్ద వస్తే కుక్క కన్నా ముందు అరిచేది. అది పోయాక మా అత్తగారు చాలా రోజులు పొద్దున్నే నూకలు చల్లడానికి పెరట్లోకి రాలేదు, నన్నే చల్లమనేవారు. పండక్కి పుంజును కోసి వండే మనిషే ఆవిడ. ఆ బాధా నిజమే, ఈ వంటా నిజమే. “కోడి పోతే ఇంత ఏడుపా” అని ఎవరైనా అంటే మీ పాప ముందు అననివ్వకండి. తను రోజూ గింజలు వేసిన ప్రాణి పోయింది.

పాపకు “ఊరెళ్ళింది” అని చెప్పొద్దు. చనిపోయిందని, పెద్ద జబ్బు వచ్చిందని, దానికి మందు ఇంకా లేదని చెప్పండి. నువ్వు ఎత్తుకున్నందుకో, గింజలు వేయడం మర్చిపోయినందుకో రాలేదని తప్పకుండా చెప్పండి. పిల్లలు అడక్కుండానే మనసులో అలా అనుకుంటారు. పూడ్చేటప్పుడు అరుగు మీద నుంచి చూడనివ్వండి, దగ్గరికి వద్దు. బావికి, కాలువకు దూరంగా మోకాలి లోతు కన్నా ఎక్కువ తవ్వి, సున్నం చల్లి, మట్టి కప్పి, కుక్కలు తవ్వకుండా రాళ్ళు పెట్టండి. ఈక దాచుకుంటానంటే వద్దని నచ్చజెప్పండి, ఫోన్లో ఉన్న ఫోటో ప్రింట్ వేయించి ఇవ్వండి. మా పిల్లవాడికి ఇచ్చిన ఫోటో ఇప్పటికీ వాడి పుస్తకంలోనే ఉంది.

ముందే చూసుకోవాల్సిందా అని మీరు మథనపడుతున్నట్టు మీ ప్రశ్నలోనే కనిపించింది. కోళ్ళు చివరిదాకా జబ్బు దాచుకుంటాయి. పడుకున్నది కనిపించేసరికే సగం దాటిపోతుంది. టీకా వేసి ఉంటే బాగుండేదన్నది నిజమే, కానీ సీసాలో సాధారణంగా వంద డోసులు ఉంటాయి, కలిపాక గంటల్లోనే వాడేయాలి, ఎనిమిది కోళ్ళ ఇంటికి ఒక్కరే తెచ్చుకోవడం కష్టం. మేము ఇప్పుడు వీధిలో నాలుగిళ్ళు కలిసి, ఐస్ పెట్టిన థర్మాస్‌లో తెచ్చి, చల్లటి పూట వేయిస్తున్నాం. కోడిపిల్లకు మొదటి వారంలో కంట్లో ఒక చుక్క లసోటా అనే టీకా, నెల దాటాక మళ్ళీ ఒకసారి, ఎనిమిది వారాలకు ఆర్2బీ అనే టీకా ఇంజెక్షన్, తర్వాత డాక్టరు చెప్పినట్టు. ఇప్పుడు జబ్బుతో ఉన్నవాటికి మాత్రం వేయకూడదు.

మెడ వంకర పోయిన పెట్టను ఉంచాలా అని చివర్లో అడిగారు. బర్డ్ ఫ్లూ కాదని తేలి, అది తింటూ ఉంటే, ఉంచండి. పొడవాలనుకున్న చోట ముక్కు పడదు కాబట్టి గింజలు నేల మీద చల్లకుండా లోతు గిన్నెలో నిండుగా పోయండి, తడి తౌడు ముద్ద అయితే ఇంకా సులువు. కొన్ని వారాల్లో కొంత సర్దుకునేవి ఉన్నాయి, జీవితాంతం అలాగే ఉండి గుడ్లు పెట్టేవీ ఉన్నాయి. అది కొన్నాళ్ళు రెట్టలో వైరస్ వదులుతూ ఉండొచ్చు. అందుకని గూడు కడిగి, సున్నం వేసి, ఎండకు ఆరబెట్టి, కనీసం నెల రోజులు కొత్తవాటిని తేవద్దు. తెచ్చేటప్పుడు టీకాలు పడిన పిల్లలనే తెచ్చి, మొదట వేరే గంప కింద ఉంచండి.